మైనం మీద మెట్టు, మర మీద తీగ

పాలమూరు డక్కలి కళాకారులు తమ పన్నెండు మెట్ల కిన్నెరను తామే కట్టుకుంటారు. వెదురు బొంగు, ఎండిన సొరబుర్రలు, లోహపు తీగలు, మెట్లను నిలపడానికి తేనెమైనం. అవుసలికుంట దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక దేశం దీనివైపు చూసింది గానీ ఈ వాద్యపు వంశం చాలా పాతది. 13వ శతాబ్దంలోనే శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరంలో కిన్నరీ వీణను వర్ణించాడు.

కిన్నెరలో అసలు తెలివి ఆ మైనంలోనే ఉందని నా నమ్మకం. తీగ పొడవును సగం చేస్తే స్వరం పై స్థాయికి చేరుతుంది. లెక్క అంతటితో ఆగితే కొలబద్ద పెట్టి మెట్లు పాతేయొచ్చు. కానీ వేలితో నొక్కగానే తీగ కాస్త సాగుతుంది, బిగువు పెరుగుతుంది, స్వరం లెక్కకన్నా పిసరంత పైకి పోతుంది. ఎంత పోతుందో తీగ మందాన్ని బట్టి, మెట్టుకు అది ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మైనం మీద నిలిపిన మెట్టునైతే చెవి చెప్పిన చోటికి జరుపుకోవచ్చు. వీణకు మేళం కట్టేవాళ్లూ 24 మెట్లనూ మైనం మీదే కూర్చుతారు.

గిటార్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని మెట్లను, అంటే ఫ్రెట్లను, కర్రలో దిగ్గొట్టేస్తారు. తీగ పొడవు 648 మిల్లీమీటర్లయితే మెడ కొసనున్న నట్ నుంచి మొదటి ఫ్రెట్ సుమారు 36 దగ్గర, పన్నెండోది 324 దగ్గర. ఇక కదలవు. అందుకే ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ రెండో కొసనే కదుపుతారు. ఆ కొసనుండే బ్రిడ్జి మీద ఒక్కో తీగకూ ఒక చిన్న మర ఉన్నది అందుకే.

సన్నని తీగ తనంతట తాను గాలిని పెద్దగా కదపలేదు కనుక కిన్నెరకు బుర్రలు కావాలి. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ బాధ్యత పికప్‌ది, యాంప్లిఫయర్‌ది. పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట. ఉక్కు తీగ ఊగితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇది. అమెరికాలో జార్జ్ బీచమ్ దీన్ని గిటార్‌కు వాడాడు, కానీ పేటెంట్ కోసం 1937 దాకా ఆగాల్సి వచ్చింది. గుండ్రటి ఒళ్లు, పొడవాటి మెడ చూసి జనం ఆ గిటార్‌ను ‘ఫ్రయింగ్ ప్యాన్’ అన్నారు.

చవక గిటార్ కొని బాగుచేసుకోవాలనుకునే నల్గొండ కుర్రాడికి స్వరాన్ని మరతో సరిచేసుకోవచ్చన్నది మంచి కబురే. పికప్, తీగలు బిగించే చెవులు, నట్ అన్నీ తర్వాత మార్చుకోవచ్చు. కొనేటప్పుడు మాత్రం మెడ మెలిదిరిగి లేదు కదా, ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా లేవు కదా అని చూసుకోవాలి. వాటి మరమ్మతుకు గిటార్ ఖరీదంత అవుతుంది. చాలామంది ముందు పికప్ మీద డబ్బు పోస్తారు. అపశ్రుతి పలికే గిటార్‌కు ఖరీదైన పికప్ తగిలిస్తే ఆ అపశ్రుతే ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది.

కాబట్టి మొదట శ్రుతి సరిచేసుకోవాలి. ముందు కొత్త తీగలు. ఆరూ కలిసి మెడను దాదాపు 45 కిలోల బలంతో లాగుతాయి, కాబట్టి మెడలోని ఉక్కు కడ్డీని పావు చుట్టుకు మించకుండా తిప్పుతూ వంపు సరిచేయాలి. ఆ తర్వాత తీగల ఎత్తు. చివరగా బ్రిడ్జి మర: పన్నెండో ఫ్రెట్ మీద వేలు ఆనించి మీటితే ఒక స్వరం, గట్టిగా నొక్కి మీటితే ఇంకొకటి; రెండూ కలవాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే తీగను కాస్త పొడవు చేయాలి, తగ్గుగా ఉంటే పొట్టి చేయాలి. అన్నీ కుదిరాక బ్రిడ్జి ముక్కలు ఒకే గీతలో ఉండవు. సన్నని వైపు నుంచి మొదటి మూడు తీగలవి వరసగా వెనక్కి పోతాయి, నాలుగోది మళ్లీ ముందుకొస్తుంది. దాని మీద చుట్టు ఉన్నా లోపలి ఉక్కు సన్నం.