గర్భసంచి తీయించుకునే ముందు

“పిల్లలు పుట్టారు, కుటుంబనియంత్రణ ఆపరేషనూ అయింది, ఇక ఆ సంచీతో పనేముంది?” నాగాయలంకలోనైనా, గుడివాడలోనైనా అమ్మలక్కల నోట వినవచ్చే మాటే ఇది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా నూటికి ఇంచుమించు 3 గురైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో 9 మంది!

అవసరమైనప్పుడు ఆ శస్త్రచికిత్స ప్రాణదాతే. కాని తెల్లబట్టకూ, నడుమునొప్పికీ తొందరపడితే? దానితోపాటు చిన్నవయసులోనే అండాశయాలు కూడా తీసివేస్తే బహిష్టులతోపాటు శరీరానికి అవి ఇచ్చే రక్షణ కూడా పోతుంది. ఎముకలు గుల్లబారుతాయి; గుండెజబ్బు భయం పెరుగుతుంది.

కనుక సోదరీమణులారా! మందులతో నయం కాదా అని ముందే అడగండి. మరొక డాక్టరమ్మకు చూపించండి. తప్పనిసరి అయితే, అండాశయాలు ఉంచుతారో లేదో తెలుసుకోండి. ఆపరేషన్ కాగితాలు భద్రంగా దాచుకోండి.