ముదుసలి ఇంజనుల పందెము

రక్షణ సామగ్రి వ్యయమును మినహాయించి కారు విలువ 500 డాలర్లకు మించరాదను నియమముతో, 2006వ సంవత్సరమున అమెరికాలో జే లామ్ ఆరంభించిన ‘ట్వెంటీఫోర్ అవర్స్ ఆఫ్ లెమన్స్’ అను పందెము, సామాన్యులకును మోటారు క్రీడను అందుబాటులోనికి తెచ్చినది.

ఇట్టి చౌక కార్లలో, పోత ఇనుప దిమ్మెతో, పరిమాణమునకు తగినంతకన్న తక్కువ శక్తినే వెలువరించునట్లు నిర్మితములైన పాత వోల్వో, జీప్ ఇంజనులు, భాగములపై ఒత్తిడి స్వల్పమగుటచే, గంటల తరబడి పరుగును సహింపగలవు. అయినను, దీర్ఘమైన మలుపులలో ఆయిలు ఒక ప్రక్కకు ఒరిగి, పంపు గాలిని పీల్చినచో, బేరింగులు అచిరకాలముననే నశించును. శీతలీకరణము లోపించినచో సిలిండరు హెడ్డు వంకరపోవును. కావుననే వివేకవంతులగు చోదకులు ఇంజను వేగమును పరిమితిలో నుంచి, ఉష్ణమాపకమును గమనించుచు నడుపుదురు.

ఈ పందెమున అత్యున్నత బహుమానము ప్రథముడుగా వచ్చినవానికి గాక, అతిహీనమైన వాహనముతో అనూహ్యమైన ఫలితము సాధించిన జట్టునకు లభించును.