ఇంజను తప్పుకి తోకను వంచకండి

రియాద్‌లో వేసవి సెలవులంటే పిల్లలకు నాలుగు గోడలే. బయట 45 డిగ్రీల ఎండ. పార్కులో రిమోట్ విమానం ఎగరేయాలన్నా ముందు పౌర విమానయాన శాఖ అనుమతుల సంగతి చూసుకోవాలి. అందుకే ఈసారి మా మజ్లిస్ గదిలో రబ్బరుబ్యాండుతో ఎగిరే బాల్సా చెక్క విమానం మొదలైంది. అతికించడం ఎవరైనా అతికిస్తారు. పేచీ అంతా ఇంజను, రెక్క, తోకల కోణాలు కుదర్చడంలోనే!

ముందు కాగితం మీద విమానాన్ని పక్కనుంచి గీసి, ముక్కు నుంచి తోక దాకా ఒక తిన్నని గీత గీయించండి. తోక దగ్గరి అడ్డరెక్క ఆ గీతకు సమాంతరంగా ఉండాలి. పెద్ద రెక్క ముందంచు మాత్రం రెండు డిగ్రీలు పైకి. కోణమానిని అక్కర్లేదు. రెక్క వెడల్పు 10 సెంటీమీటర్లయితే ముందంచును 3.5 మిల్లీమీటర్లు ఎత్తితే చాలు. గరిమనాభి (మన తెలుగు మీడియం వాళ్లకు గుర్తుండే ఉంటుంది) రెక్క ముందంచుకు సుమారు మూడు సెంటీమీటర్ల వెనక పడాలి. రెండు వేళ్ల మీద నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఈ రెండు డిగ్రీల తేడా వల్లే, విమానం కిందికి దూకి వేగం పుంజుకున్నప్పుడు ముక్కు తనంతట తనే పైకి లేస్తుంది. చిక్కూ అక్కడే. రబ్బరు నిండా తిప్పి వదిలితే వేగం ఎక్కువై, ముక్కు మరీ లేచి, విమానం గాల్లో ఆగి కూలబడుతుంది. మా అబ్బాయి వెంటనే తోక వంచబోయాడు. అలా వంచితే పైకి లేవడం ఆగుతుంది కానీ, రబ్బరు తిరగడం అయిపోగానే అదే తోక విమానాన్ని నేలకు కొడుతుంది.

అందుకని వరస ముఖ్యం. మొదట ఏసీ ఆపండి (ఆ పది నిమిషాలు చెమటలు తప్పవు). రబ్బరు తిప్పకుండా మెల్లగా వదలండి. కెరటంలా లేచి పడుతుంటే ముక్కుకి కొంచెం క్లే అంటించండి, దూకుతుంటే తీయండి. సాఫీగా జారేదాకా ఇదే పని. ఆ తర్వాతే రబ్బరు తిప్పడం. అప్పుడు వచ్చే తప్పులు ఇంజనువి, వాటిని ఇంజను దగ్గరే దిద్దాలి. రెండు సెంటీమీటర్ల ముక్కు దిమ్మ వెనక, పైభాగంలో ఒక మిల్లీమీటరు మందాన విజిటింగ్ కార్డు ముక్కలు దూర్చితే ప్రొపెల్లర్ మూడు డిగ్రీలు కిందికి చూస్తుంది. వెనకనుంచి చూస్తే గడియారంలా తిరిగే ప్రొపెల్లర్ విమానాన్ని ఎడమకు లాగుతుంది. దానికి దిమ్మ ఎడమవైపు ఇంకో ముక్క.

పెద్ద విమానాలకీ ఈ తిప్పలున్నాయి. రియాద్‌లో సఖ్ర్ అల్ జజీరా మ్యూజియం బయట సౌదియా వారి పాత ట్రైస్టార్ నిలబెట్టి ఉంది. దాని మూడో ఇంజనుకు గాలి తీసుకునే నోరు పైన, నిలువు తోక మొదట్లో కనిపిస్తుంది. ఇంజను మాత్రం కింద, విమానం ఒంటి చివర ఉంటుంది. మధ్యలో గొట్టాన్ని వంకర తిప్పి మరీ గాలిని కిందికి దించారు. ఆనాటి పోటీ విమానం డీసీ-10లో ఆ ఇంజను పైనే ఉండేది. బీరువాను పైనుంచి తోస్తే ముందుకు ఒరిగినట్టు, అంత ఎత్తునుంచి తోసే ఇంజను ముక్కును కిందికి నొక్కుతుంది. ఈసారి అటు వెళ్తే పిల్లల్ని ట్రైస్టార్ పక్కన నిలబెట్టి, మూడో ఇంజను ఎక్కడుందో వెతకమనండి.