నీటి అడుగున ప్రాణవాయువు లెక్క

ప్రాణవాయువు లేనిదే మనము జీవింపజాలము. కాని నీటిలో లోతునకు పోయినకొలది పీడనము పెరిగి, అదే వాయువు విషమగును. ఈ సత్యమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ట్ 1878లో వెల్లడించెను. మోతాదు మించినచో ఈతగానికి మూర్ఛ వచ్చును. నోటిలోని శ్వాసగొట్టము జారి, అతడు మునిగిపోవును.

ఈ ప్రమాదమును హెచ్చరించుటకై నేడు ఈతగాండ్రు మణికట్టునకు చిన్న కంప్యూటరును ధరించుచున్నారు. అయితే సాధారణముగా అది సిలిండరులోని వాయువును పరీక్షింపదు. లోతును మాత్రము కొలిచి, మనము తెలిపిన పాళ్లను బట్టి లెక్క కట్టును. 36 శాతము ప్రాణవాయువు గల మిశ్రమమును పీల్చుచు, కంప్యూటరునకు మామూలు గాలి యని తెలిపితిమనుకొందము. 40 మీటర్ల లోతున మొత్తము పీడనము 5 బార్లు. అందు ప్రాణవాయువు వంతు నిజమునకు 1.8 బార్లు, యంత్రము లెక్కించునది 1.05 మాత్రమే. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ పట్టిక 1.6 బార్ల వద్దనే ముగియును. అచ్చటనైనను ఒక మునకకు 45 నిమిషములే గడువు.

మరియొక లోపము కలదు. గడువులో ఎంత వంతు గడచినదో యంత్రము శాతములలో చూపును. ఆ లెక్క అందరికి ఒకటే. కాని రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు కెన్నెత్ డొనాల్డ్ జరిపిన ప్రయోగములలో ఒకే మనిషి సహనశక్తి సైతము ఒకనాటికి మరియొకనాటికి ఎంతో మారెను.

కావున తెరపై కనిపించు అంకెను అభయముగా భావింపరాదు. నీటిలో దిగుటకు ముందు సిలిండరులోని పాళ్లను స్వయముగా పరీక్షించి యంత్రమునకు తెలుపుటయు, గడువు తీరకమునుపే పైకి వచ్చుటయు మన విధి.