తల్లి నింపిన సంచి

కూతును అత్తవారింటికి పంపునాడు తల్లి పడు వేదన మన సోదరీమణులకు క్రొత్తది గాదు. ఒడి నింపి, సారె సర్ది, కన్నీరు తుడుచుకొనుచు సాగనంపుదుము. అయినను పండుగకు బిడ్డ పుట్టింటికి వచ్చునను ధైర్యమొకటి మనకుండును. ఆ ధైర్యమునకు తావే లేక బిడ్డను సాగనంపిన యొక తల్లి కథను నేడు మనవి చేయుచున్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1865వ సంవత్సరమున బానిసత్వము రద్దయ్యెను. అంతవరకు దక్షిణ రాష్ట్రములలో, ఆఫ్రికానుండి తేబడినవారి సంతతిని పశువులవలె కొనుచు, అమ్ముచు నుండిరి. తల్లి బానిసయైనచో బిడ్డయు బానిసయే. కన్నబిడ్డను తనయొద్ద నుంచుకొను హక్కు ఆ తల్లికి లేదు.

దక్షిణ కెరొలైనాలో రోజ్ అను బానిస స్త్రీకి ఆష్లీ యను కూతురుండెను. తొమ్మిదవయేట ఆ బాలికను అమ్మివేసిరి. రోజ్ ఒక నూలు సంచి తెచ్చి, అందులో చినిగిన గౌను నొకదానిని, మూడు పిడికిళ్ల పెకాన్ గింజలను, తన తలనుండి కోసిన జడను ఉంచి బిడ్డచేతి కిచ్చెను. ఈ సంచినిండ తన ప్రేమ యెన్నటికి నుండునని చెప్పెను. కట్టుకొన గుడ్డ, ఆకలికి గింజలు, తలచుకొనుటకు జడ! ఆ తల్లికి అంతకన్న నేమి గలదు? ఆ పిమ్మట వారిరువురు మరల కలిసికొననే లేదు.

ఈ వృత్తాంతము మనకెట్లు తెలిసెను? ఆష్లీ మనుమరాలు రూత్ మిడిల్టన్ 1921లో ఆ సంచిమీదనే రంగుదారములతో పది పంక్తులలో దీనిని కుట్టి, తన పేరును, సంవత్సరమును చేర్చెను. చార్లెస్టన్ నగరమున 1850 ప్రాంతమున మరణించిన యొక ధనికుని ఆస్తిపట్టీలో రోజ్, ఆష్లీ యను పేర్లు కానవచ్చుచున్నవి. వీరే ఆ తల్లీబిడ్డలని పరిశోధకులు భావించుచున్నారు. ఆ పట్టీలో తల్లి వెల 700 డాలర్లు, బిడ్డ వెల 300 డాలర్లు. యజమాని పట్టీ వారి వెలను మాత్రమే వ్రాసికొన్నది. వారి ప్రేమను నిలిపినది మనుమరాలి సూది.

2007లో టెన్నెస్సీ రాష్ట్రపు సంతలో పాతగుడ్డల నడుమ ఈ సంచి దొరకెను. కొన్నవారు వెచ్చించినది 20 డాలర్లు. అటుపిమ్మట నిది దక్షిణ కెరొలైనాలోని మిడిల్టన్ ప్లేస్ సంస్థకు చేరెను. 2016లో వాషింగ్టన్ నగరమున ఆఫ్రికన్ అమెరికనుల చరిత్ర, సంస్కృతులకై జాతీయ ప్రదర్శనశాల తెరువబడినపుడు, అందు దీనిని ప్రజల దర్శనార్థ ముంచిరి.

సోదరీమణులారా! మన పెట్టెలలోను అమ్మమ్మల చీరెలు, నాయనమ్మలు కుట్టిన బొంతలు గలవు. కాని ముత్తవ్వ పేరేమని యడిగిన మనలో నెందరు చెప్పగలరు? వారిని విడదీసి యమ్మినవారు లేరు; మన మరపే వారిని మనకు దూరము చేయుచున్నది. ఇంట పెద్దలుండగానే అడిగి తెలిసికొని, ఆ పేర్లను ఒక గుడ్డ చెరగునైనను కుట్టి యుంచుదము.