చక్రాల మంచెకి ఏ పైపు కొనాలి?

వీడియోలో మినీ ట్రాక్టర్ వెనక కనిపించే చక్రాల మంచె మా రెండోది. మొదటిది గట్టు దాటేటప్పుడు విరిగింది. రాత్రిళ్లు అడవి పందుల కాపలాకి అందులోనే పడుకుంటాం. శని, ఆదివారాల్లో మియాపూర్‌లో మా కూరగాయలు తీసుకునే కుటుంబాలు పిల్లలతో వచ్చి అందులో ఉంటాయి. ఆ రోజు పిల్లలు దిగిన పది నిమిషాలకే ట్రాక్టర్‌కి తగిలించే టో బార్ వంగి, వెల్డింగ్ పక్కనే చీలింది. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

సగం తప్పు నాదే. షాపులో 40×40 బాక్స్ పైపు చూపించి 'హెవీ' అంటే నమ్మి, తూకం వేయించకుండా కొన్నా. విరిగాక వెర్నియర్ పెట్టి చూస్తే గోడ మందం 1.6 మిల్లీమీటర్లే, అంటే గేట్లకి వాడే 16 గేజ్. వెర్నియర్ లేకపోయినా ఫర్వాలేదు, కాటా మీద పెట్టండి. 3 మిల్లీమీటర్ల 40×40 పైపు 6 మీటర్లు ఉంటే దాదాపు 20 కిలోలు తూగాలి. 1.6 అయితే పన్నెండు కిలోలు కూడా రాదు.

ఈసారి పొడుగు పట్టీలకి, టో బార్‌కి 60×40, 3 మిల్లీమీటర్లు తీసుకున్నా. 60 వైపు నిలువుగా పెట్టాలి. మీటరుకి దాదాపు ఒక కిలో బరువు పెరుగుతుంది గానీ, అదే మందం 40×40 కన్నా వంగకుండా నిలిచే బిగువు రెండున్నర రెట్లు దాటుతుంది. దూలాన్ని పడుకోబెట్టి ఎవరూ వేయరు కదా, ఇదీ అంతే. పైపు మీద ఐఎస్ 4923 ముద్ర చూడండి. వైఎస్‌టీ 210 కన్నా 310 గ్రేడ్ ఎక్కువ బరువుకి గానీ శాశ్వతంగా వంగదు. అయితే ఊగడం మాత్రం రెండింటికీ ఒకటే, దాన్ని తగ్గించేది పైపు ఎత్తే.

అసలు చీలేది టో బార్ ముందు అడ్డపట్టీని కలిసే చోట. అక్కడ టో బార్ అడుగున అడ్డంగా వెల్డింగ్ వేస్తే ఆ గీత వెంబడే పగులుతుంది. టో బార్‌ని అడ్డపట్టీ కింద నుంచి రెండో పట్టీ దాకా పోనిచ్చి, పక్కల్లో పొడుగ్గా వెల్డ్ చేయించండి. పైపు పైనా కిందా బోల్టు రంధ్రాలు వేయించొద్దు.

జీఐ పైపు తెచ్చుకుంటే వెల్డ్ చేసే చోట జింక్ పూత గ్రైండ్ చేయాలి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది. మేం నల్ల పైపుకే రెడాక్సైడ్ కొట్టి, చివర్లు మూసేశాం. మంచె మీదే 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము కూడా మోస్తాం మరి. నిండు డ్రమ్ము రెండు క్వింటాళ్లు దాటుతుంది, ఒలికిన గోమూత్రం పైపుని తినేస్తుంది.

ఇది పొలం వరకే. రోడ్డెక్కించాలంటే ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, ఇంట్లో చేసిన దానికి అది తేలిక కాదు. అందుకే మా మంచె పొలం గేటు దాటదు.