పదునేడేండ్ల ప్రశ్న

పల్నాటి సత్యాగ్రహముతో ముడివడిన ‘మాలపల్లి’ రెండుమాఱులు నిషేధమునకు గుఱియైనది. గ్రంథమును, గీతమును దాచివేయబూనిన పెద్దలను దేశదేశముల విద్యార్థులు ఏమని ప్రశ్నించిరి?

ఒక గ్రంథమును నిషేధించునపుడు ప్రభుత్వము శిక్షింపదలచునది రచయితనే యైనను, ఆ శిక్షను నిజముగా అనుభవించువాడు ఇంకను ఆ గ్రంథమును తెఱచిచూడని పిన్నపాఠకుడు. ఏలయన రచయిత తన భావములను తన హృదయమునందు భద్రపఱచుకొనగలడు గాని, లోకమును అప్పుడప్పుడే పరిశీలింప నారంభించిన పదునాఱు పదునేడేండ్ల ప్రాయమువాడు తనకు అందకుండ పోయినదేమియో కూడ ఎఱుగజాలడు. కావుననే నిషేధమును ప్రశ్నించు తొలి అధికారము ఆ వయస్సువారిదే.

చెఱలో పుట్టిన నవల

అడవిలో పశువులను మేపుకొనుటకు పుల్లరి చెల్లింపవలెనన్న ఆంగ్లప్రభుత్వపు నిర్బంధమును పల్నాటి రైతులు ధిక్కరించిన 1921వ సంవత్సరమున, వారి పక్షమున నిలిచిన బారిష్టరు ఉన్నవ లక్ష్మీనారాయణగారు చెఱసాల పాలైరి. మఱుసటి యేడు ఫిబ్రవరి మాసమున మించాలపాడులో ఆ ఉద్యమనాయకుడు కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఉద్యమము అణగినది, కాని కారాగృహమున ఉన్నవవారు వ్రాసిన ‘మాలపల్లి’, రామదాసు కుటుంబమును కథకు కేంద్రముగ నిలిపి, కూలిని గూర్చియు, కులమును గూర్చియు, భూమిని గూర్చియు తెలుగు నవల అంతవఱకు అడుగ సాహసింపని ప్రశ్నలను అడిగినది.

మదరాసు ప్రభుత్వము 1923లో ఆ నవలను నిషేధించెను. 1928లో కొన్ని మార్పులతో ముద్రించుకొనుటకు అనుమతించెను. ఆంధ్ర విశ్వవిద్యాలయము దానిని పాఠ్యగ్రంథముగ నిర్ణయింపగా, 1936లో మఱల నిషేధించెను. 1937లో రాజాజీ మంత్రివర్గము ఏర్పడిన పిదప గాని ఆ చెఱ విడలేదు. 1928 పిదప పెద్దలు తమ యిండ్లలో చదువుకొనుచున్నంతకాలము ఎట్లో సహించిన పాలకులు, విద్యార్థులు తరగతిలో కూర్చుండి అదే గ్రంథమును చర్చింతురనగానే కలవరపడిరన్న సంగతి, నిషేధముల అసలు భయము ఎవరిని గూర్చియో విశదము చేయుచున్నది.

గళమెత్తిన విద్యార్థులు

ఆ భయమునకు విద్యార్థులు సమాధానము చెప్పకపోలేదు. 1907లో రాజమహేంద్రవరమున వందేమాతరమని వ్రాసిన బిళ్లలను ధరించి కళాశాలకు వచ్చినవారిని ప్రిన్సిపాలు మార్కు హంటరు బహిష్కరింపగా, చదువు పోయినను మాట విడువనివారు వారిలో ఉండిరి. 1938లో హైదరాబాదు సంస్థానమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు వసతిగృహములలో వందేమాతర గీతమును పాడరాదనినపుడు విద్యార్థులు ఉద్యమింపగా, ఆ ఉద్యమము ఓరుగల్లునకును వ్యాపించినది. అచ్చట చదువుచుండిన పదునేడేండ్ల పి.వి. నరసింహారావు కళాశాలనుండి వెడలగొట్టబడి, బహిష్కృతులైన పెక్కురు విద్యార్థులవలెనే నాగపూరు చేరి చదువు కొనసాగించెను. అనంతరకాలమున భారత ప్రధానియైన ఆ బాలుని నాటి అపరాధము, పాడవలదన్న పాటను పాడుటయే.

సముద్రముల కావల అమెరికాలో, న్యూయార్కు సమీపమునందలి ఐలెండ్ ట్రీస్ పాఠశాలల పాలకమండలి 1976లో రిచర్డు రైటు రచించిన ‘బ్లాక్ బాయ్’ మొదలగు గ్రంథములను గ్రంథాలయమునుండి తొలగింపగా, స్టీవెన్ పికో అను పదునేడేండ్ల విద్యార్థి సహాధ్యాయులతో కూడి న్యాయస్థానము నాశ్రయించెను. 1982లో ఆ దేశపు సుప్రీంకోర్టు న్యాయమూర్తులలో ఏకాభిప్రాయము కుదురకున్నను, భావములు తమకు నచ్చలేదన్న ఒక్క కారణమున పాలకమండలి గ్రంథములను తొలగింపరాదని ప్రధానాభిప్రాయము వెలువడినది.

శాసనము లేని నిషేధము

అయితే, ప్రభుత్వపు ఉత్తరువుతోడనే నిషేధము ముగియదు. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱం జాషువా బాల్యమున పాఠశాలలో అనుభవించిన అస్పృశ్యత ఏ గెజిటులోను ప్రకటింపబడినది కాదు. ఐనను ఒక బాలుని సరస్వతీమందిర ద్వారముకడనే నిలువరింపజూచిన ఆ సంఘశాసనము రాజశాసనముకంటె క్రూరమైనది. పుస్తకమును బీరువాలో పెట్టి తాళమువేయుటయు, వివాదము వచ్చునేమోయని కొనకుండుటయు, ప్రశ్నించిన పిల్లవానిని ‘నీకెందుకు?’ అని గద్దించుటయు ఆ జాతికి చెందినవే.

వయస్సునకు తగిన గ్రంథమును ఎన్నియిచ్చుట పెద్దల ధర్మమే యని ఒప్పుకొనవలెను. తల్లిదండ్రుల ఆందోళనయు నిరాధారము కాదు. కాని ఎంపిక యన్నది కారణము చెప్పి చేయునది, చర్చకు లోబడునది. నిషేధమో, కారణము నడుగువానినే దోషిగ జూచును. గ్రంథమును జప్తు చేయు ప్రభుత్వము సైతము తన ఉత్తరువులో కారణములను వ్రాయవలెననియు, దానిని రెండు మాసములలోపల హైకోర్టులో ప్రశ్నింపవచ్చుననియు మన దేశపు చట్టమే నిర్దేశించుచుండగా, ఆ పాటి జవాబుదారీ పాఠశాల గ్రంథాలయమునకు ఏల ఉండరాదు?

నరసరావుపేట, మాచర్ల, గురజాలల ఉన్నతపాఠశాలలలో ‘మాలపల్లి’యు, జాషువా ‘గబ్బిల’మును విద్యార్థులకు అందవలెను, ఉపాధ్యాయులు వారితో కూర్చుండి చదువవలెను, నచ్చని భావమును ఖండించుటకు వారికి సభయందు అవకాశ మొసగవలెను. ఏ పుస్తకమునైనను తొలగించినచో, తొలగించినవారు తమ కారణమును వ్రాసి, ఆ పిల్లల యెదుటనే సమర్థించుకొనవలెను. అట్లు సమర్థించుకొనలేనినాడు, ఆ పుస్తకమును వెనుకకు తెచ్చి వారి చేతి కిచ్చుట పెద్దలు చూపు దయ కాదు, వారికి తీర్పవలసిన ఋణము.